బాల్‌పెన్ను హద్దు

మొదట అది గీత కాదు.
వేట ఆగిన నెల. పెదజలారిపేట ఇసుకలో
ఒరిగి ఉన్న ఫైబరు తెప్ప నీడన
వల కుడుతూ కూర్చున్న అమ్మ మడమ పక్కన
దోమ కుట్టినంత ఎరుపు.
గోకింది, మరిచిపోయింది.

నాలుగో రోజుకి ఆ చుక్క నడక నేర్చింది.

దారం జారి పడినట్టు
ఎర్రగా, ఉబ్బెత్తుగా, మెలికలు తిరుగుతూ
మడమ దిగి అరికాలి గుంట వైపు.
పగలు ఊరుకునేది. లైట్లార్పాక లేచేది.
చీకట్లో ఎవరో కొబ్బరి కోరుతున్న చప్పుడుకి
నాకు మెలకువ వచ్చేది.
అమ్మ గోళ్ళు.

"పాము పాకిన చోట తొక్కీసుంటావు" అంది ఎల్లాయమ్మత్త.
సున్నం పెట్టారు. పసుపు పెట్టారు.
ఎవరో పెట్రోలు కూడా అన్నారు.
గీత తన పని తాను చేసుకుపోయింది.

పెద్దాసుపత్రి చర్మం ఓపీలో
మా చీటీ నూట పదకొండు.
డాక్టరమ్మ పాదం మీదికి వంగి చూసి
వెనక నిలబడ్డ పిల్ల డాక్టర్లందర్నీ పిలిచింది.
అమ్మ కుచ్చిళ్ళు సర్దుకుంది.
తన కాలిని అంతమంది చదవడం అదే మొదటిసారి.

"కుక్క పురుగమ్మా. కుక్క పేగుల్లో బతకాల్సింది.
పెంటతో గుడ్లు ఇసుకలో పడతాయి,
పిల్లలై, మెత్తటి కాలు కోసం కాచుకుంటాయి.
నీ తోలులోకైతే దూరింది గానీ
అక్కణ్ణించి లోపలికి దానికి తోవ లేదు.
అందుకే ఇలా తిరుగుతోంది."

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత అడిగింది:
"మరయితే దానికి ఆకలేస్తాదా?"
పిల్ల డాక్టర్లు నవ్వారు. డాక్టరమ్మ నవ్వలేదు.
మాత్రలు రాసి, అదే పెన్నుతో
గీత కొస దగ్గర
నీలంగా ఒక అడ్డగీత గీసింది.
"రేపు ఇది దాటిందో లేదో చూసుకో."

ఆ రాత్రి ఫోను లైటు నేను పట్టుకున్నాను.
దాటింది. చిటికెన గోరంత.
మళ్ళీ గీశాం. మర్నాడు వడ్లగింజంత.
మూడో రాత్రి హద్దు దగ్గరే ఉంది.
నాలుగో రాత్రీ అంతే.
"సచ్చిపోనాది కాబోలు" అంది అమ్మ.
ఇంజను ఆగిపోయి నాన్న బోటు
నాలుగు రోజులు గంజాం వైపు కొట్టుకుపోయినప్పుడు
ఒడ్డున నిలబడి మాట్లాడిన గొంతు అది.

కుక్క అనగానే పేటలో అందరికీ ఒకటే గుర్తొచ్చింది:
సరంగు.
ఆడకుక్కకి ఆ పేరేమిటంటే,
ఏ తెప్ప ఒడ్డుకి తగిలినా
అణియం మీదకి ముందు ఎక్కేది అదే.
మొన్న ఐదు పిల్లల్ని పెట్టింది, మా తెప్ప కిందే.
తాతారావు మావ కార్పొరేషను బండికి ఫోను చేస్తానన్నాడు.
ఇంకొకడు, పేరు చెప్పను, గుళికలన్నాడు.

అమ్మ ఎవరికీ జవాబివ్వలేదు.
కుంటుకుంటూ పశువుల ఆసుపత్రికి వెళ్ళి
బరువు చెప్పి, మాత్ర తెచ్చి
కవ్వల చేప పొట్టలో కుక్కింది.
సరంగు చేప తిని మాత్ర ఇసుకలో ఉమ్మింది.
అప్పుడు అమ్మ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.
మూడో చేపతో దిగింది.
కూనలకి చుక్కల మందు, ఒక్కోదాన్నీ ఒళ్ళో వేసుకుని.
"దీనికీ తెలీదు కదేటి,
కడుపులో ఎవులున్నారో."

ఇప్పుడు వల కుట్టేది గోనె మీద కూర్చుని.
పొడి ఇసుకలో కాళ్ళకి చెప్పులు,
అల తడిపి వెళ్ళిన చోట చేతిలో చెప్పులు.
అక్కడ అంత భయం లేదని డాక్టరమ్మ చెప్పింది.
యాభై ఏళ్ళు నడిచిన ఒడ్డుని
రెండు ముక్కలు చేసి మళ్ళీ నేర్చుకుంటోంది.
ఒక చేత చిన్న పార కూడా ఉంటుంది,
సరంగు వెనకాల.

గీత వాడి గోధుమరంగుకి వచ్చింది.
నీలం హద్దులు స్నానాలకి కరిగిపోయాయి,
చివరిది తప్ప.
ఆ చోట రుద్దదు.
అడిగితే, సబ్బయిపోనాదంటుంది.