కుడి అంచు

హైమావతి గారు బిస్కెట్ల డబ్బాలో తెచ్చారు
పదకొండు డిస్కులు.
సాలిగ్రామంలో రెండో అంతస్తు, లిఫ్టు లేదు.
మెట్టుకో తిట్టు మోకాలికి,
సగం తెలుగులో, సగం తమిళంలో.
"నేనున్న చోటల్లా కోసి ఒకటిగా కుట్టి పెట్టు.
నాలుగో వరస, కుడి చివర.
హీరోయిన్ని చూశావో, నేను కనపడను."

డిస్కుని గుండ్రంగా తుడవకూడదు,
నడిమి చిల్లు నుంచి అంచుకి తిన్నగా, కాటుక దిద్దినంత మెల్లగా
అని నేను చెప్పే లోపే
ఆమె పైటచెంగుతో గుండ్రంగా తుడిచేశారు.

డ్రైవు గొణిగింది, ఆగింది, మళ్ళీ గొణిగింది.
ఏడో డిస్కు మీద గీత.
బర్మా బజారు నుంచి ఇంటికి
కూరల సంచిలో వచ్చిందట, మునక్కాడల పక్కన.
ఆ గీత దగ్గర యంత్రం
ఒకే అక్షరాన్ని నమిలి నమిలి
చివరికి మింగింది.

తొందరపడితే బొమ్మ చెడుతుంది.
కుదించిందాన్ని మళ్ళీ కుదిస్తే
పలచటి చారులో ఇంకో చెంబు నీళ్ళే.
అందుకే ఉన్నదున్నట్టు దించుకుంటాను
గిగాలకు గిగాలు, తొక్కతో సహా.
ఈలోగా కింద నాయర్ కొట్టు నుంచి రెండు టీలు,
ఒకటి చక్కెర లేకుండా.

ఆపి చూస్తే బొమ్మ నిండా దువ్వెన పళ్ళు.
"ఇదేంటమ్మాయ్, నా చెయ్యి చిరిగిపోయింది?"
చిరగలేదండీ.
ఒక్కో బొమ్మలో రెండు క్షణాలుంటాయి,
ఒక గీత ముందుది, ఒక గీత తర్వాతది,
జడ పాయల్లా అల్లేశారు.
కదలనివి నున్నగా ఉంటాయి, అదిగో ఆ అట్ట స్తంభం.
మీరు కదిలారు కాబట్టి ఇలా.
"కదిలానన్నమాట," అన్నారామె
తెర మీదికి వంగి.

మూడో డిస్కు, ఇరవై రెండో నిమిషం: నాలుగు సెకన్లు, వీపు.
అయిదోది: ఆరు సెకన్లు, నెత్తిన కుండ.
(కుండ నిజం, నీళ్ళు కూడా నిజమేనట. ఇరవై టేకులు.)
తొమ్మిదోది: ముఖం! ఒకటిన్నర సెకను.
అందులో రెప్ప వేశారు.
"ఛీ, అప్పుడే వెయ్యాలా."

పదకొండోది దాచి దాచి చివర్న ఇచ్చారు.
కొండ మీద పాట.
ఆ రోజు మాస్టారికి ఏం తోచిందో
ఆమెని చివర నుంచి లాక్కొచ్చి ముందు నిలబెట్టారు
హీరోయిన్ పక్కనే, పల్లవి మొత్తం.
"హాల్లో చూశాను. నా రెండు కళ్ళతో."

పల్లవి వచ్చింది.
కుడివైపు ఒక మోచెయ్యి.
ఎర్ర గాజులు అంచు దాకా వస్తున్నాయి, పోతున్నాయి.
అంతే.

డిస్కు చేసినవాడెవడో
పాత టీవీ పెట్టెకి సరిపడాలని
వెడల్పు బొమ్మని రెండు వైపులా నరికాడు.
ఆ మిగతాది ఏ ఫైల్లోనూ లేదు.
ఎలా చెప్పాలో తెలియక జూమ్ చేశాను.
మోచెయ్యి చదరాలు చదరాలుగా విడిపోయింది.

కాసేపు ఫ్యాను చప్పుడు.
"వెనక్కి తిప్పు." తిప్పాను.
"మళ్ళీ."
తిప్పుతుంటే కుర్చీ లాక్కున్నారు
మానిటర్ పక్కకి, కుడి అంచుకి ఆనించి,
నా వైపు తిరిగి కూర్చున్నారు.
తెర చూడకుండానే, పాట చెవిన పడగానే,
మోచెయ్యి లేచింది.
గాజుల మోచెయ్యి ఎక్కడ తెగిందో అక్కడి నుంచి
భుజం, మెడ, ఓరగా తిప్పిన గడ్డం,
అలవాటైన ఆ నవ్వు,
కిటికీ దాకా.
ఈసారి రెప్ప వెయ్యలేదు.

ఆ పదకొండు సెకన్లూ కుదించకుండా ఉంచాను.

రేటు చెప్పాను.
డబ్బా మూత బిగిస్తూ
యాభై తగ్గించమన్నారు.
"మోచేతికి కూడా పూర్తి రేటేమిటే?"