దిగుబడి

సిరోంచ తహశీలు ఆఫీసు మెట్ల పక్కన
నా బల్ల, నా పాత టైపు మిషను.
తెలుగులో విని, మరాఠీలో మళ్లీ అడిగి,
ఇంగ్లీషులో కొడతాను. కాయితానికి నలభై.

జాడి పోసుబాయి వచ్చి కూచుంది.
"ప్రాణహిత ఒడ్డున మూడు గుంటలు.
మరిది గట్టు జరిపి కలుపుకున్నడు.
నాలుగేండ్లు కొట్లాడిన.
ఇగ ఇడిసిన. రాయి."

ఇడిసిన.
ఈ మాటకి మిషనులో ఏ మీట నొక్కాలి?

గివప్ అంటే ఓపిక అయిపోయినవాడిది.
ఈమె ఓపిక కొంగుకి ఇంకా ముడేసే ఉంది.
సబ్మిట్ ఎలాగూ ప్రతి అర్జీ అడుగునా కొడతాను,
దానికి అర్థం అరిగిపోయి చాలాకాలమైంది.
కన్సీడ్ అంటే అవతలివాడిదే న్యాయమని ఒప్పుకోవడం.
"ఒప్పుకునుడా? థూ!
దొంగ దొంగనే."

చివరికి సరెండర్ అని గొణిగాను.

ఆమె నోట్లో వక్క ఆగిపోయింది.
ఈ జిల్లాలో ఆ మాటకి ఒక్కటే అర్థం.
అడివి దిగి, తుపాకి బల్ల మీద పెట్టి
ఫొటోకి నిలబడ్డ ఆమె కొడుకు.
లొంగాడో, అలిసిపోయాడో,
ఇంటి గంజి యాదికొచ్చిందో,
ఫొటో కింద మాత్రం ఒక్క మాటే వేశారు.
"అది మా ఇంట్ల ఒకసారి పడ్డది. సాలు."

లొంగినవాడి వెన్ను మీద ఎవరిదో చెయ్యి ఉంటుంది.
వంగినవాడి వెన్ను వాడిదే.
ఇది నాకు తెలుసు, టైపు చేయడం తెలీదు.

"మరి ఎందుకు ఇడిసినవు?"
"మరిది బిడ్డ పొద్దుగాల మా ఇంట్లనే తింటది.
గట్టు కోసం పిల్ల ముందట కంచం గుంజుతనా?"

ఈల్డ్ దగ్గర నా వేలు ఆగింది.
బల్ల మీదే పడుంది వ్యవసాయశాఖ ఫారం,
అందులోనూ అదే మాట: ఎకరానికి ఎన్ని క్వింటాళ్లని.
దారి ఇవ్వడానికీ పంట ఇవ్వడానికీ
దొరలు ఒక్క మాటతోనే సరిపెట్టుకున్నారు.
నవ్వబోయి ఆగాను.
మనం దిగుబడి అంటాం.
దిగడం అందులోనే ఉంది,
ఇరవై ఆరేళ్లుగా కొడుతూ చూసుకోలేదు.

కొట్టాను. ఐదు అక్షరాలు.
రెండోది ఎప్పట్లాగే గీత మీదికి ఎగిరింది.

"ఏం రాసినవు?"
"దిగుబడి."
"మూడు గుంటల్ల ఏం పండుతదయ్యా" అని నవ్వి
ముప్పై చేతిలో పెట్టింది.
పది మిర్చి అమ్మినంక ఇస్తదట.

సరే అన్నాను.
దాన్ని ఏమంటారో వెతకలేదు.