అనుబంధం నాలుగు, వెనకవైపు

ఆరుద్ర పురుగు మీద మూడేళ్ల పరిశోధనకు
ఎంత కావాలని అడిగింది ఫారం.

పద్దెనిమిది లక్షల నలభై వేలు అని రాసి
చాలాసేపు ఆ అంకెనే చూస్తా కూచున్నాను.
గోరంత పురుగు.
ఎర్ర మఖమల్ తొడుక్కుని
ఏడాదికి నాలుగైదు పొద్దులు మాత్రం
నేల మీదికొచ్చి పోతుంది.

మైక్రోస్కోపు ఒకటి, బాడుగ జీపు,
నెట్ పాసైన ప్రాజెక్టు అసిస్టెంటు,
గాజు సీసాలు, ఆల్కహాలు,
ఆల్కహాలు ఎందుకో విడిగా సంజాయిషీ.
ఇతర ఖర్చులు అన్నచోట
వాన అని రాయబుద్ధయింది.
రాసి, కొట్టేసినాను.

మూడో నెలకల్లా నమూనాలు చేతికి రావాలంట.
మూడో నెల ఎప్పుడొస్తుందో
డబ్బు విడుదల చేసేవాళ్లకే తెలియాల,
వాన ఎప్పుడొస్తుందో
రాప్తాడులో ఎవరికీ తెలియదు.
అయినా కాలపట్టికలో గళ్లన్నిటికీ
నీలం రంగు నింపినాను.

పోయినేడు సమీక్షకుడు రాసింది ఒకటే వాక్యం:
"ఆసక్తికరమే గానీ, రైతుకు ఒరిగేదేమిటో స్పష్టంగా లేదు."
దాన్ని మడిచి పర్సులో పెట్టుకుపోయి
వన్నూరప్ప చేని గట్టు మీద చదివి వినిపించినాను.

ఆయన బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుని
"పురుగు కనపడితే గొర్రు కడతాం.
కనపడకుంటే కూచుంటాం.
ఇంకేం ఒరగల్ల మేడం?" అన్నాడు.

ఆ మాటను
రెండు వందల పదాల పెట్టెలో పట్టేట్టు
ఇంగ్లీషులోకి దించడానికి పదకొండు రోజులు పట్టింది.
పదునుకు మాట దొరకలేదు.
నేలలో తేమ శాతం అని రాస్తే
వన్నూరప్ప గుప్పిట్లో పిసికి చూసే మన్ను
పొడిపొడిగా రాలిపోయింది.

ఆఖరి రోజు సాయంత్రం ఐదుకు పోర్టల్ మూస్తారు.
రిజిస్ట్రార్ సంతకం పదకొండుకు.
ఆ ముందు రాత్రి రెండు గంటలప్పుడు
రేకుల మీద ఏదో ఉరికింది.
ఎలుకలనుకున్నాను.
కిటికీలోంచి మన్ను వాసనొచ్చింది.

తెల్లారి ఆరున్నరకు చేన్లో ఉన్నాను,
ఫైలు చంకలోనే ఉంది.
చదరపు మీటరుకు తాడు కట్టి, వంగి,
ముప్పై తొమ్మిది, నలభై, నలభై ఒకటి...
నోటుబుక్కు ఇంట్లో మరిచినాను.
అనుబంధం నాలుగు, వెనకవైపు,
పెన్సిలు గీతలు,
ఒక బొటనవేలి ముద్దర, ఎర్రమన్నుది.
గొర్రు సరిచేసుకుంటున్న వన్నూరప్పకు
నావైపు చూసే తీరిక లేదు.

పదకొండుంబావుకు సంతకమయింది.
స్టాంపు వేయబోతా ఎర్రిస్వామి కాగితం తిప్పినాడు.
"ఒరిజినల్ మీద ఈ గీతలేంది మేడం?
తిప్పి పంపిస్తారు."

చెప్పినాను.

స్టాంపును ప్యాడు మీదే వదిలేసి
కాసేపు కిటికీ దిక్కు చూసినాడు.
"మా ఊర్లో రాత్రి ఒక్క చినుకన్నా పడలే.
అయినా పొద్దున మా పాప రెండు పట్టి
అగ్గిపెట్టెలో పెట్టుకునింది."

పడలేదా? ఒక్క చినుకు కూడానా?
ఏ ఊరు మీది?

ఐదింటికి ఇంకా టైముంది.
పెన్సిలు ఎక్కడ పెట్టినానో
వెతుక్కుంటున్నాను.