లాండ్రీ గది

క్లీవ్‌లాండ్‌లో ఆట ముగిసి గంటైంది.
ఇరవయ్యారు జతల బట్టలు నా ముందు కుప్ప.
ఏ మట్టి ఎవరిదో వాసన చూసి చెప్పగలను.

థ్రెల్‌కెల్డ్ చొక్కా మాత్రం మడత నలగలేదు.
"చూశావా ఆర్విల్,
ఏడాదికి మూడు కోట్ల డాలర్లు,
బంతి వెనక నాలుగడుగులు పరిగెత్తలేడు!"
క్యాచర్ బెన్కోస్మే గ్లవ్‌ని గోడకేసి కొట్టాడు.
"రేపు హోమ్ రన్ కొడితే
ముందు భుజానెత్తుకునేది నువ్వే"
మోచేతికి ఐసు కట్టుకుంటూ ముసలి పిచర్.

షవర్‌లోంచి అతనొచ్చేసరికి
అందరికీ ఒక్కసారే బూట్ల లేసులు గుర్తొచ్చాయి.

నాకూ అతనంటే పడదు.
రెండేళ్ళయినా నా పేరు తెలీదు,
"బాస్" అంటాడు.

తువ్వాల్లో చుట్టి, అడుక్కి తోసి,
మోకాలి పట్టీ.
విప్పితే అరచేయంత నెత్తురు,
చుట్టూ టేపు జిగురు.
మూడు వారాలుగా ఇదే.
చన్నీళ్ళలోనే నానబెట్టాలి,
వేణ్ణీళ్ళు తగిలితే మరక కరుచుకుంటుంది.

చెప్పొద్దని అతను అనలేదు.
చెప్పమనీ అనలేదు.
తలుపవతల వాళ్ళింకా
అతన్ని అమ్మేస్తే ఎవరొస్తారో లెక్కలేస్తున్నారు.

మిషన్ తిప్పాను.
బెన్కోస్మే గ్లవ్‌కి కుట్టు ఊడింది.
అదీ నేనే వెయ్యాలి.