చూసి వదిలినవి

మడికొండలో మా ఆఫీసు కిటికీకి
కాజీపేట గూడ్సుల చప్పుడు ఆనుకుని ఉంటుంది.
ఇవాళ మిగిలిన హెచ్చరికలు పదకొండు వందల నలభై మూడు.
నిన్న పదకొండు వందల నలభై ఆరు.
"ఈ లెక్కన మనం రిటైరయ్యేలోపు ఒడుస్తయి తీ"
అంటుంది నుస్రత్, చాయ్ గ్లాసు మూత తీస్తూ.

లోను కోసం పోతే బ్యాంకు మేనేజరు అడిగాడు,
ఇంతకీ మీరు చేసేదేంటమ్మా అని.
కారులో ఒకే చిప్పు మీద
పాటలదొక పోర్షను, స్పీడు ముల్లుదొక పోర్షను,
బ్రేకుదొక పోర్షను.
ఒకరి గోడ ఒకరు దూకకుండా చూసే హైపర్‌వైజర్
ఎవరో ఎప్పుడో రాశారు, మేం దిద్దుతున్నాం.
ఆయన మొహంలో ఏమీ వెలగలేదు.
నయీంనగర్‌లో మా ఓనరు ఓదెలమ్మ గురించి చెప్పాను:
మూడు కిరాయి పోర్షన్లు, ఒక్కటే మోటారు,
రోజు విడిచి రోజు నల్లా,
తెల్లారగట్ల నాలుగింటికి లేచి వాల్వులు తిప్పే మనిషి.
లోను వచ్చింది.

నియమాల పుస్తకానికి అట్ట ఊడింది.
అంకె ముందు ఊరికే సున్నా పెట్టొద్దు,
నువ్వు పది అనుకుంటావు, కంపైలర్ ఎనిమిది అనుకుంటుంది.
మైనస్ తెలిసిన అంకెను తెలియని అంకెతో పోల్చొద్దు,
అప్పున్నవాడు గడప దాటగానే
నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల ఆసామి అవుతాడు.
ఎన్నటికీ చేరని పంక్తిని ఉంచొద్దు.
ఇది చదివినప్పుడల్లా
మిల్లు పోయి ఏండ్లయినా షిఫ్టు వేళకు చెప్పులేసుకుని
గేటు దాకా వచ్చి నిలబడే
రాజేశం పెదనాయన గుర్తొస్తాడు.
ఆయన్ను ఎవరూ తీసేయలేదు.

ఏడు వందల పన్నెండో పంక్తి.
ఒక కేసు చివర బ్రేక్ లేదు. నియమం ప్రకారం తప్పే.
పెట్టేశాను.
రాత్రి టెస్టు బెంచీ మీద
అక్కడ పెట్టిన బ్రేక్‌కు
ఇక్కడ బ్రేకు పడలేదు.
ఎవరో కె.ఎస్., కింది గదిలోకీ నీళ్లు జారాలని
కావాలనే వదిలాడు.
ఎందుకో మాత్రం రాయలేదు.
ఆ ఒక్క ఖాళీ చదవడానికి మాకు మూడు రోజులు.

నుస్రత్ ఆ పనిని విడదీసి
రెండు కేసుల్లోనూ పేరు పెట్టి పిలిచింది.
మార్చలేనిచోట కారణం రాసి సంతకం చేస్తున్నాం:
ఈ అంకెను చిరునామాగా మార్చక తప్పదు,
ఆ చిరునామాలో నిజంగానే ఒక రిజిస్టరు ఉంది.
ఈ జవాబు మాకు అక్కర్లేదు,
చూశాం, తెలిసే వదిలాం.
పుస్తకం అడిగేది చాలాసార్లు ఇంతే.

పదకొండు వందల ముప్పై తొమ్మిది.
ఇంటికొచ్చేసరికి కరెంటు లేదు.
మోటారు పక్క గోడ మీద ఫోన్ లైటు పడితే
ఓదెలమ్మ సుద్దముక్క రాతలు:
సోమారం, మొదటిది ఆరు బిందెలు, రెండోది ఆరు,
మూడోది ఎనిమిది.
దాని పక్కనే, వంకర అక్షరాల్లో,
"పిల్లకు జరం."