అర మార్కు

గురువారం రాత్రి, స్ట్రామ్‌నెస్ రేవు పక్క పబ్బులో
బీరు మరకల కాగితం దీపానికి ఎత్తిపట్టి
ఏడో ప్రశ్న చదివాడు మాగ్నస్ ఇస్బిస్టర్:
"ఆ పాత సినిమాలో, సముద్రంలోంచి లేచే భూతం
అరిచిన అరుపు అసలెవరిది?"

పడవ మెకానిక్కుల బల్ల ఏనుగు అంది.
టీచర్లు తిమింగలం దగ్గర తెగ గుసగుసలాడి
చివరికి సింహం అని రాసి, పక్కన
"టేపు వెనక్కి తిప్పి" అని చేర్చారు.

ఎనభై ఒకటేళ్ళ థోరా ఫ్లెట్
కళ్ళద్దాలైనా పెట్టుకోకుండా
ఒక్క మాట రాసి కాగితం బోర్లించింది.

ఆ ఏడు ఆగస్టులో దిగాడొకాయన,
భుజాన టేపు రికార్డరు, ముక్కు నిండా జలుబు.
గాలి చప్పుడు కావాలన్నాడు, అలల చప్పుడు కావాలన్నాడు.
నాలుగో రోజు పొద్దున్నే థోరా
లేగదూడని పడవెక్కించింది.
పద్నాలుగు పౌన్లు.
ఇనప పొయ్యి బాకీ సరిగ్గా అంతే ఉంది మరి.
చేపుకొచ్చిన పొదుగు, గడ్డి మీద కారిపోయే పాలు.
రెండు రాత్రులు రేవు వైపు మెడ చాచి
అరుస్తూనే ఉంది ఆవు.
ఆయనకీ నిద్ర లేదు. మైకు పెట్టాడు.
వెళ్తూ వెళ్తూ ఒక చాక్లెట్టు చేతిలో పెట్టాడు,
ఎందుకో చెప్పలేదు.

ఆ అంబాని నాలుగింతలు నెమ్మది చేస్తే
కైరోలో, లీమాలో, ఎక్కడెక్కడి పిల్లలో
కుర్చీల కింద దూరారట.
ఒక ఊళ్ళో రీలు తిప్పేవాడే పారిపోయాడంటారు,
అది మాత్రం నేను నమ్మను.

కిర్క్‌వాల్‌లో బొమ్మ పడిన రాత్రి
హాలు హాలంతా కెవ్వుమంటే
వెనక వరసలో థోరా లేచి నిలబడి
"వస్తున్నానే, వస్తున్నా" అంటూ
కోటు తొడుక్కుంది.
మొగుడు చెయ్యి పట్టి కూచోబెట్టాడు.

"జవాబు: ఆవు!"
పబ్బంతా గొల్లుమంది.
థోరా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు మాగ్నస్.
"ఫ్లెక్కా. ఇదేం జంతువమ్మా?"
"ఒంటి నిండా మచ్చలుండేవి" అంది థోరా.

కాసేపు వాదన నడిచింది.
ఆవు అని రాస్తేనే మార్కు, రూలు రూలే
అన్నాడు చేపల కొట్టు ఎరిక్ లౌటిట్.
ఎవరో అరిచారు, ఎవరో బల్ల గుద్దారు,
చివరికి అర మార్కు వేశారు.
తక్కిన అర మార్కు తేడాతోనే ఓడిపోయింది ఆమె జట్టు.

మొదటి బహుమతి ఎప్పట్లాగే
కసాయి కొట్టు కూపను.

"పోనీలే, మంచిదే" అంది థోరా,
కోటు గుండీలు పెట్టుకుంటూ.