మోచెయ్యి లోపలికి

"మోచెయ్యి లోపలికి," అంటుంది తియబానె అమ్మమ్మ,
"గుహ నీకోసం వెడల్పవదు."

డిసెంబరు పదిహేనుకి ఇంకా తొమ్మిది రోజులు.
హాలు రేకుల మీద వాన.
రాంబీ దీవిలో వానకి వేళాపాళా లేదు,
మేం మాత్రం కరువుని సాధన చేస్తున్నాం.

నేల మీద సుద్దముక్కతో ఒక గీత, అదే గుహ నోరు.
ఎడమ కాలు ముందు. తల ఆఖర్న.
చేతిలో కొబ్బరిచిప్ప ఉండదు, ఉన్నట్టు.
బనాబాలో వాన మొహం చాటేసిన ఏడు
నీళ్ళు రాతి కడుపులోనే దొరికేవట.
ఆడవాళ్ళే దిగేవాళ్ళట, పాకుతూ,
చీకటిని నుదుటితో తోసుకుంటూ,
గుక్కెడు కోసం ఒక పూటంతా.

నాకు పంతొమ్మిదేళ్ళు.
దాహమంటే వాలీబాల్ ఆడాక
ఓ పావుగంట తెలుసు, అంతే.

మా ఊరి పేరు ఊమా.
అక్కడ వదిలేసిన ఊరి పేరూ ఊమాయే.
ఓడ ఎక్కేటప్పుడు పెద్దవాళ్ళు
చాపలు, గాలాలు, ఊళ్ళ పేర్లు తెచ్చుకున్నారు.
పేర్లకి బరువుండదు కదా,
ఓడవాళ్ళు లెక్క రాసుకోలేదు.
దిగాక గుడారాలు, బురద, దగ్గు.
పేర్లొక్కటే తడవకుండా మిగిలాయి.

మట్టి వేరే ఓడల్లో వెళ్ళింది,
మాకన్నా ముందూ, మా తర్వాత కూడా.
తవ్వి, ఎండబెట్టి, నూరి
ఎవరి పొలాల మీదో ఎరువుగా చల్లారు.
అన్న తెకరావా న్యూజిలాండ్‌కి
ఆపిల్ పళ్ళు కోసే పనికెళ్ళి
ఒక రాత్రి ఫోన్ చేశాడు:
"ఇక్కడ పచ్చిక మోకాలి దాకా ఉందే.
చెప్పులు విప్పి నించున్నాను.
ఏమో, తాతమ్మ ఊరి మీద నించున్నానేమో."
తాగావా అని అడిగాను.
"తాగాను," అన్నాడు. "అయినా చెప్పులు విప్పాను."

పండగ ముందు రోజు విసిగిపోయి అడిగేశాను:
"నువ్వు దిగినప్పుడు ఎంత ఇరుకుగా ఉండేది?"
పెట్టె వాయించే ముసలాళ్ళు చేతులాపారు.
"నేనెప్పుడు దిగాను?" అంది అమ్మమ్మ.
"ఓడ ఎక్కేనాటికి నాకు నాలుగేళ్ళు.
మా అమ్మ నడుం పట్టుకుని నేర్పింది, ఇదే వానలో.
మోచెయ్యి వెడల్పయితే గిల్లేది. ఇదిగో, ఇక్కడ."
చూపించింది. ముడతల్లో ఏమీ కనబడలేదు.
"మరి దిగిందెవరు?"
"మోకాళ్ళు," అంది. "పద, మళ్ళీ మొదట్నించి."

పదిహేను.
మొగలాకు చాప నడుముకి బిగించారు,
ఊపిరి సగమే ఆడేంత.
మా ఆటలో నవ్వకూడదు.
చేతులు చాచిన చోటే ఆగాలి,
సముద్రం మీద రెక్క కదపని నల్లపక్షిలా,
మెడ మాత్రం చటుక్కున తిరగాలి.
ముందు గుడారాలు. తర్వాత ఓడ.
కథ వెనక్కి వెనక్కి నడిచి
చివర గుహ.
పాట ఆగింది. పెట్టె మీద ఒక్క అరచెయ్యి.
దిగాను.

సుద్దగీతని ఎవరో తుడిచేశారు.
వాన చప్పుడు దూరమైంది.
భుజానికి రాయి తగిలిందంటే అబద్ధం.
తగలకుండా భుజం తనంతట తనే ముడుచుకుంది,
ఇది నిజం.
చిప్ప వంచాను. నిండడానికి చాలాసేపు పట్టింది.
ముందు వరసలో ఒక బుడ్డోడు
చేతిలో కరుగుతున్న ఐస్‌ని మర్చిపోయి
పెదాలు తడుపుకున్నాడు.

తొణక్కుండా పైకి తెచ్చాను.
ఆ నీళ్ళు ఎవరికివ్వాలో ఆటలో లేదు,
ఎప్పుడూ అక్కడే ఆపేస్తాం.
ఈసారి కాళ్ళు ఆగలేదు.
వరస విడిచి వెళ్ళి
అమ్మమ్మ ముందు గొంతుక్కూర్చున్నాను.
రెండు చేతులతో అందుకుంది.
తాగింది.
గొంతు కదలడం చూశాను.

గోల, ఈలలు.
ఎవరో నా మెడ మీద పౌడరు చల్లుతుంటే
చెవి దగ్గరికి వంగి అంది:
"నీళ్ళు బానే ఉన్నాయి.
మోచెయ్యే ఇంకా వెడల్పు."